శేఖరానికి నీళ్ళు ఆపిన రోజు

మా తమ్ముడు శేఖరాన్ని బతికించింది ప్రొడ్యూసర్ గారి కారు కాదు. ఈ మాట నేను మా ఇంట్లో ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను. మొన్న ఆ ప్రొడ్యూసర్ గారు పోయారు. ఫిల్మ్ నగర్‌లో సంతాప సభ పెట్టారు. ఎనభై దాటిన మా నాన్న చేతికర్ర పక్కవాళ్ళకిచ్చి, మైకు రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ అదే కథ చెప్పాడు. "మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికొచ్చిందండీ. షూటింగ్ ఆపించి, తన సొంత కారిచ్చి డాక్టర్ దగ్గరికి పంపిన మహానుభావుడాయన. ఇవాళ వీడు మీ ముందు ఇలా కూర్చున్నాడంటే ఆయన చలవే." ముందు వరసలో ఉన్న మా తమ్ముడు, నలభై దాటి పొట్ట వచ్చిన మనిషి, బుద్ధిగా తల ఊపాడు. ఎవరో పెద్దావిడ పమిటతో కళ్ళు ఒత్తుకుంది. నేను వెనక వరసలో కూర్చుని, చేతిలోని కాఫీ తాగకుండా కింద పెట్టేశాను.

షూటింగ్ ఆగలేదు. రోజూలాగే సాయంత్రం పేకప్ అయింది. కారు గుమ్మంలోకి వచ్చేసరికి వాడు ఒంటికి పోసి, ఇంకా అరటిపండు కావాలని మారాం చేస్తున్నాడు. సరే, వయసు మీదపడిన మనిషి, పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకున్నాడు అనుకుని వదిలేయవచ్చు. నేను వదలలేనిది వేరే ఉంది. ప్రాణం మీదికి వచ్చిందంటున్నారు కదా, అది దానంతటదే వచ్చిందా? తెచ్చినవాళ్ళు ఎవరో ఆ మైకులో రాలేదు. ఆ తెచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నాన్న ప్రొడక్షన్ మేనేజర్. అంటే సినిమా తీసేచోట ఎవరికి ఏం కావాలన్నా, కుర్చీ అయినా కారయినా కొబ్బరిబోండాం అయినా, క్షణంలో తెచ్చిపెట్టాల్సిన మనిషి. తెనాలి నుంచి మద్రాసు వెళ్ళి, పరిశ్రమ ఇటు తరలుతుంటే దానితో పాటే మమ్మల్నీ హైదరాబాదు తీసుకొచ్చాడు. ఫిల్మ్ నగర్‌లో రాళ్ళ మధ్య ఇల్లు కట్టించాడు. ఇప్పుడు చూసేవాళ్ళకి నమ్మకం కలగదు గానీ, అప్పుడది ఊరి బయట గుట్ట. పొద్దున్నే ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవాళ్ళు. ఆ దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద, ఇడ్లీ పిండి మీద, నా పుస్తకాల మీద పడేది. కుళాయి లేదు. ట్యాంకరు వస్తేనే నీళ్ళు. ట్యాంకరు గుట్ట ఎక్కేటప్పుడు చేసే మూలుగు వినపడగానే అమ్మ స్టవ్ తగ్గించి బయటికి పరిగెత్తేది. ఆ ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ రాతి దుమ్ము, డీజిలు, అమ్మ వేసే ఇంగువ పోపు, వీటన్నిటి మీదా మేకప్ డబ్బాల తియ్యటి ముతక వాసన.

మేకప్ వాసన ఎందుకంటే మా ఇల్లు మాది కాదు గనుక. హాలు పెద్దది, మెట్లు వంపు తిరిగి ఉండేవి, పై నుంచి వెలుతురు పడేది. చూసిన ప్రతి డైరెక్టరూ "మెట్లు బావున్నాయండీ" అనేవాడు. ఆ ఒక్క మాటకి నాన్న ఇల్లు ఇచ్చేసేవాడు. జూబ్లీ హిల్స్‌లో పెద్దవాళ్ళు బంగళాలు అద్దెకిచ్చి తాము ఎక్కడికో వెళ్ళేవాళ్ళు. మా నాన్న అద్దెకి కాదు, మర్యాదకి ఇచ్చేవాడు. షూటింగ్ ఉన్నన్నాళ్ళూ మేం నలుగురం వంటింటి వెనక సామాన్ల గదిలో ఉండాలి. బియ్యం బస్తాలు, పరుపుల చుట్టలు, మధ్యలో మేము. స్నానాలగది ఉన్న పడగ్గది హీరోయిన్‌కి. ఇంకో స్నానాలగది హాలుకి అవతల, మెట్ల కింద. పెరట్లో వంటవాళ్ళు, టీ పొయ్యి, మేకప్ కుర్చీలు. మేం హాలు దాటాలంటే ఎవరో ఒకరు "ఇప్పుడు రావచ్చండీ" అనాలి. మా ఇంట్లో మేం బాత్రూంకి వెళ్ళడానికి పర్మిషన్ అడిగేవాళ్ళం. అది అవమానమని మాకెవరికీ తోచలేదు. పైగా బళ్ళో నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ సారి రెండు రోజుల షూటింగ్. సీమంతం సీను. ఎండాకాలం. మొదటిరోజు యూనిట్ కోసం డ్రమ్ములో మజ్జిగ కలిపారు. గోనెపట్టాలో ఐసుదిమ్మ తెచ్చి, మా గేటు ముందు నేల మీదే వేసి గునపంతో కొట్టి, ఆ ముక్కలు మట్టితో సహా డ్రమ్ములో వేశారు. నేను చూశాను. శేఖరం మూడు గ్లాసులు తాగాడు. వాడికి అప్పుడు నాలుగేళ్ళు. ఎర్ర చారల బనియన్ వేసుకుని, లైట్లు మోసేవాళ్ళ వెనకాలే తిరుగుతూ, "స్టార్ట్ కెమెరా" అని అరుస్తూ ఉండేవాడు. రెండోరోజు తెల్లవారకముందే మొదలైంది. యూనిట్ వచ్చేలోపే నాలుగుసార్లు నీళ్ళలా పోయింది. అమ్మ కడిగింది, వాము నమిలించబోయింది, వాడు ఉమ్మేశాడు. ఏడు గంటలకి వ్యాన్లు వచ్చేశాయి. అమ్మ పట్టుచీర కట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

పట్టుచీర ఎందుకో చెప్పాలి. ముందురోజు ప్రొడ్యూసర్ గారు మా అమ్మ కాఫీ అందిస్తుంటే చూసి, "ముత్తైదువల్లో ఈవిడ ఒకరు ఉంటే నిండుగా ఉంటుందయ్యా. జూనియర్ ఆర్టిస్టుల మొహాలు అన్ని సినిమాల్లోనూ అవే" అన్నారు. నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మ "నాకెందుకండీ" అంది గానీ, ఆ సాయంత్రమే చీర మడత విప్పి చూసుకుంది. మొదటిరోజు రెండు షాట్లలో హారతిపళ్ళెం పట్టుకుని నిలబడింది. ఇక ఆ సీను అయ్యేదాకా అదే చీర, అదే పూల దండ, అదే చోటు. మధ్యలో మనిషి మాయమైతే కంటిన్యుటీ పోతుంది. ఆ మాట ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. హీరోయిన్ కడుపుకి దిండు కట్టుకుని కూర్చుంటే, లేని బిడ్డకి దీవెనలిచ్చే పనిలో మా అమ్మ ఉంది.

ఆ రోజు మొదటి షాట్ ట్రాలీ షాట్. కెమెరా నడవడానికి హాలు ఈ చివర నుంచి ఆ చివరకి పట్టాలు వేశారు. సామాన్ల గదికీ బాత్రూంకీ సరిగ్గా మధ్యలో. రెండో టేకు నడుస్తుండగా శేఖరం నా చెయ్యి విదిలించుకుని, కడుపు పట్టుకుని పరిగెత్తాడు. పట్టాల దగ్గరికి వెళ్ళేసరికి ఆగలేదు. అక్కడే అయిపోయింది. ఎవరో ముక్కు మూసుకున్నారు, ఎవరో నవ్వారు. "ఎవరండీ ఈ పిల్లాడు?" అని కెమెరామన్ విసుక్కున్నాడు. నాన్న నవ్వుతూ, చేతులు నలుపుకుంటూ, "మావాడేనండీ, సారీ అండీ, ఒక్క నిమిషం" అంటూ వార్తాపత్రిక కాయితాలతో స్వయంగా తుడిచాడు. ఆ నవ్వు నాకు ఇవాళ్టికీ కళ్ళ ముందు ఉంది. అంత దీనంగా ఆయన దేవుడి ముందు కూడా నవ్వలేదు.

తర్వాత సామాన్ల గది గుమ్మంలో అమ్మా నాన్నా గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

"ఇలా అయితే ఎలాగే? ఇంకో షాట్ మధ్యలో అడ్డం వచ్చాడంటే నా పరువేం కాను?"

"ఏం చెయ్యమంటారండీ, వాడేమన్నా కావాలని చేస్తున్నాడా?"

"ఊరికే నీళ్ళు తాగుతున్నాడు. తాగిందంతా అలాగే పోతోంది."

అమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "లోపలికి ఏమీ వెళ్ళకపోతే బయటికీ రాదులెండి. కాసేపు ఆపి చూద్దాం" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "విజ్జీ, వాడు నీళ్ళడిగితే ఇవ్వకు. మరీ గోల చేస్తే తడిగుడ్డతో పెదాలు తుడువు, అంతే. తలుపు దగ్గరగా వేసుకో."

ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో అలాగే చేసేవాళ్ళని నాకు తెలుసు. విరేచనాలు అంటే నీళ్ళు ఆపడం, అన్నం ఆపడం, పిల్లవాడి కడుపు మాడ్చడం. పోయే నీళ్ళకి సరిపడా నీళ్ళు పోయాలని, పొయ్యకపోతే ఒళ్ళు ఎండిపోతుందని, ప్రాణం తీసేది విరేచనం కాదు ఆ ఎండిపోవడమేనని మా వాళ్ళకెవరూ చెప్పలేదు అనుకుందాం. నా పిల్లలకి నేను చెంచాలతో పట్టేటప్పుడు నాకు చెప్పినవాళ్ళున్నారు. కానీ ఆ మాట గుమ్మంలో ఎప్పుడు వచ్చిందో చూడండి. తెల్లవారుజామున నాలుగుసార్లు అయినప్పుడు రాలేదు. అప్పుడు అడిగినప్పుడల్లా అమ్మే తాగించింది. పట్టాల మీద అయ్యాక వచ్చింది.

ఇప్పటికీ మా బంధువులు కొందరు, "పాపం ఏడిస్తే సౌండుకి అడ్డమని పిల్లాణ్ణి వెనక గదిలో పెట్టారట" అంటారు. అది తప్పు. అప్పుడంతా తర్వాత డబ్బింగే. అక్కడ ఎంత గోల ఉన్నా తీసేసి స్టూడియోలో కొత్తగా మాటలు చెప్పుకునేవాళ్ళు. టేకు నడుస్తుండగానే డైరెక్టరు పక్క నుంచి "తల ఎత్తమ్మా, నవ్వమ్మా, హారతి కొంచెం పైకి" అని కేకలు పెట్టేవాడు. వాడి ఏడుపు ఎవరికీ అడ్డం కాదు. ఎంత ఏడ్చినా ఫరవాలేదు, హాల్లోకి రాకూడదు, అంతే. అందుకని వాడు ఏడ్చాడు. గదికీ హాలుకీ మధ్య వంటిల్లు ఒక్కటే. డైరెక్టరు కేకలు నాకు మాట మాటా వినపడ్డాయి. ఇటు ఏడుపు అటు వినపడలేదంటే నేను నమ్మను.

గదిలో ఒక మూల నీళ్ళకుండ ఉంది. వాడికి అందకుండా నేను దాన్ని ఎత్తి బస్తాల మీద పెట్టాను. "అక్కా, కొంచెమే. మూతంతే" అన్నాడు. నేను వారపత్రికలో సీరియల్ చదువుతున్నాను. పన్నెండేళ్ళదాన్ని. అమ్మ చెప్పింది చేస్తున్నాను, పెద్దదాన్ని అనిపించుకుంటున్నాను. తడిగుడ్డ పెదాల మీద పెడితే దాన్ని పళ్ళతో పట్టుకుని చప్పరించాడు. "తుడవమంది, తాగమనలేదు" అని గుడ్డ లాగేశాను. అలా అన్నానని వాడికి గుర్తులేదు. నేను చెప్పినా నవ్వేస్తాడు. నాకు మాత్రం ఆ గుడ్డ వాడి పళ్ళ మధ్య నుంచి వచ్చేటప్పటి బిగువు ఇప్పటికీ వేళ్ళకి తెలుస్తుంది. ఈ మధ్యలోనూ పోతూనే ఉంది. నీళ్ళు ఆపినా విరేచనాలు ఆగలేదు. పాత లుంగీలు కిందవేస్తూ తీస్తూ ఉన్నాను. కాసేపటికి వాడు ఏడుపు ఆపాడు. హమ్మయ్య అనుకున్నాను. షాట్‌కీ షాట్‌కీ మధ్యలో అమ్మ వచ్చి గుమ్మంలోంచే తొంగి చూసింది. లోపలికి వస్తే చీర తడుస్తుందని కాస్ట్యూమర్ చెప్పాడు. "నిద్రపట్టిందా? మంచిదే" అని వెళ్ళిపోయింది. అది నిద్ర కాదు.

భోజనాల వేళకి నాన్న వచ్చాడు. ప్రొడక్షన్ వాళ్ళ మందుల పెట్టెలోంచి, విరేచనాలకి ఆస్పత్రుల్లో ఇచ్చే పొడి ప్యాకెట్టు ఒకటి తెచ్చాడు. ఔట్‌డోర్‌లో ఎండకి ఆర్టిస్టులు నీరసపడితే గ్లాసులో గ్లూకోజు పొడి గుమ్మరించి తాగించడం ఆయనకి రోజూ పని. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో పోసి, పాకంలా కలిపి, "చిక్కగా ఉంటే తొందరగా పట్టుకుంటుంది" అంటూ వాడి నోట్లో పోశాడు. వాడు రెండు గుక్కలు తాగి మొత్తం కక్కేశాడు. "చూశావా, ఏదీ నిలవడం లేదు. ఆపడమే మంచిదైంది" అని నాతో అని, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. ఖాళీ ప్యాకెట్టు నా ఒళ్ళో పడింది. ఒక లీటరు నీళ్ళలో కలపాలని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. నేను ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నాను. దాన్ని తర్వాతెప్పుడో చదివాను.

యాదమ్మ వచ్చింది అప్పుడే. మోతీనగర్ నుంచి నడిచి వచ్చి మా ఇంట్లో గిన్నెలు తోమేది. షూటింగ్ రోజుల్లో పొద్దున్న పని కుదరదు గనుక భోజనాలయ్యాక వచ్చేది. చేతిలో చీపురుతో గదిలోకి తొంగిచూసి, చీపురు అక్కడే పడేసింది.

"ఏంది బిడ్డా గిది? పోరడు గిట్ల పడిపోయిండు, నీళ్ళు తాపుతలేరా?"

"అమ్మ వద్దంది."

ఆమె కూర్చుని వాడి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ ముడత అలాగే నిలబడింది. నాలుక చూసింది, కళ్ళ కింద గుంటలు చూసింది. చెంప మీద తట్టింది. వాడు మొహం వికారంగా పెట్టాడు, ఏడుపు చప్పుడు సన్నగా వచ్చింది.

"ఏడుస్తుండు గని, కంట్ల నీళ్ళేవి? సూడు, ఒక్క సుక్క లేదు. పొద్దుగాలకెల్లి ఒంటికి పోశిండా?"

నాకు గుర్తులేదు. గుర్తులేదంటే పొయ్యలేదనే.

ఆమె నన్ను తిట్టలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి, యూనిట్ టీ కోసం మరుగుతున్న నీళ్ళు ఒక చెంబెడు తెచ్చింది. టీ మాస్టర్ ఏదో అంటుంటే, "నీ చాయ్ జర ఆగుతది, గీడ పానం ఆగదు" అనడం నాకు వినపడింది. గిన్నెల్లోంచి గిన్నెల్లోకి తిరగబోసి చల్లార్చింది. పెద్ద గ్లాసులో ఒక చెంచా చక్కెర, రెండు వేళ్ళకి అంటిన చిటికెడు ఉప్పు. కలిపి నా చేతికిచ్చింది.

"నువ్వు తాగి సూడు. కన్నీళ్ళకంటె ఉప్పగుండద్దు. బస్తీకొచ్చే నర్సమ్మ చెప్పింది."

"కన్నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో నాకు తెలీదు."

"కార్తనే ఉన్నయి గద, నాకి సూస్కో."

అప్పటిదాకా నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియదు. నాలుక చాపి చూసుకున్నాను. నీళ్ళు వాటికంటే చప్పగానే ఉన్నాయి. ఆమె వాణ్ణి ఒళ్ళో ఆనించుకుని చెంచాతో పొయ్యడం మొదలుపెట్టింది. ఒక చెంచా, కాసేపు ఆగడం, ఇంకో చెంచా. వాడు గ్లాసు లాక్కోబోతే ఇవ్వలేదు. ఐదారు చెంచాల తర్వాత కక్కాడు. నేను భయపడి, "చూశావా, నిలవట్లేదు" అన్నాను, అచ్చం నాన్నలాగే. "కక్కనియ్యి. జరసేపు ఆగి మల్ల పోద్దాం. కక్కిన దానికంటె పోసింది ఎక్కువుంటే సాలు" అంది. మళ్ళీ విరేచనం వస్తే వాణ్ణి ఎత్తి, బట్టలు నానబెట్టే పాత టబ్బులో కూర్చోబెట్టింది. "బాత్రూంకే పోవాలని ఏడ రాసుంది?" అంది. ఆ టబ్బు పొద్దుటి నుంచీ అదే గదిలో, నా కాళ్ళ దగ్గరే ఉంది. సినిమా కోసం వాన కురిపించగలిగిన మా నాన్నకి, వంట, ఇల్లు, పిల్లలు తప్ప వేరే లోకం లేని మా అమ్మకి, క్లాసులో ఫస్టు వచ్చే నాకు, ఆ టబ్బు కనపడలేదు.

నాన్న వచ్చి చూసి మండిపడ్డాడు. "ఎవరు పట్టమన్నారు నీళ్ళు? ఇప్పుడు మళ్ళీ మొదలవుతుంది. అవతల క్లోజప్‌లు తీస్తున్నారు."

"తియ్యనియ్యి సారూ."

"నోరు తగ్గించు. ఆర్టిస్టులు వింటారు."

"ఇననియ్యి. మీ సిన్మల సచ్చినోళ్ళు లేసి టిఫిన్ తింటరు. గీడ సస్తే లేవరు సారూ. నీ కొడుకును జూస్తివా అసలు? నీళ్ళు బంద్ జేస్తె మా గల్లీల ఎంతమంది పోరగాళ్ళు పోయిండ్రో నాకెర్క."

ఆ మాటలు హాల్లోకి పోయాయి. లైట్లు మారుస్తున్నారు కనుక అక్కడ కాస్త నిశ్శబ్దంగా ఉంది. ఒకరిద్దరు తొంగిచూశారు. నాన్న మొహం నల్లబడింది. అప్పుడు అమ్మ వచ్చింది, హారతిపళ్ళెం చేతిలోనే ఉంది. గుమ్మం దగ్గర ఆగి వాణ్ణి చూసింది. టబ్బు చూసింది, చెంచా చూసింది. ఏదో అనబోయింది. వెనక నుంచి అసిస్టెంట్ డైరెక్టర్, "అమ్మా, షాట్ రెడీ. మీ పొజిషన్‌లోకి రండమ్మా" అన్నాడు.

వెళ్ళింది.

నాలుగున్నరో ఐదో అయి ఉంటుంది. యాదమ్మ చేతిలో మూడో గ్లాసు. వాడు లేచి కూర్చుని, టబ్బు వైపు చూపించి, కొంచెం పచ్చగా, చాలా కొంచెం, ఒంటికి పోశాడు. ఆమె నా వీపు మీద చరిచి, "పోశిండు! ఇగ ఫికర్ లేదు" అంది. జీవితంలో నాకు చాలా మెప్పులు వచ్చాయి, ఏ చప్పట్లూ ఆ చరుపులా వినపడలేదు. ఇంకో గంటకి రెండోసారి పోశాడు. అరటిపండు అడిగాడు. చిన్న ముక్క పెట్టింది. ఆ తర్వాత హాల్లో పేకప్ అన్నారు.

ప్రొడ్యూసర్ గారు వెళ్ళబోతూ ఎవరి ద్వారానో విని లోపలికి వచ్చారు. "పిల్లాడికి బాలేకపోతే చెప్పొద్దటయ్యా? పొద్దున్నే పంపేవాణ్ణి కదా" అని నాన్నని కోప్పడి, అప్పటికప్పుడు కారిచ్చారు. ఆయన మంచివాడు కాదని నేను అనను. చెప్పిన క్షణంలో ఇచ్చాడు. పొద్దుటి నుంచీ చెప్పనివాళ్ళు ఎవరన్నదే నా తగువు. శ్రీనగర్ కాలనీలో పిల్లల డాక్టరు వాణ్ణి పరీక్షించి, "సెలైన్ అక్కర్లేదు. ఇప్పుడు పడుతున్నట్టే పట్టండి, మామూలు తిండి ఆపకండి. మధ్యాహ్నం మీరు చెప్పిన స్థితిలో తెచ్చి ఉంటే వేరే మాట చెప్పేవాణ్ణి. నీళ్ళు పట్టిందెవరు?" అన్నాడు. నాన్న నన్ను చూడకుండా, "మేమేనండీ" అన్నాడు. అమ్మ తల దించుకుంది. ఇంకా ఆ పట్టుచీరలోనే ఉంది.

తర్వాత మూడు నాలుగు రోజులు యాదమ్మ చెప్పినట్టే నడిచింది ఇల్లు. పల్చటి గంజిలో చిటికెడు ఉప్పు, మెత్తటి పెరుగన్నం, ముద్దపప్పు, అరటిపండు. ప్రతి విరేచనానికీ ఒక గ్లాసు నీళ్ళు. అమ్మ నీళ్ళు కాచి చల్లార్చి, గుడ్డ కట్టి పెట్టేది. వాడికి చెంచాతో తనే పోసేది. వాడు కోలుకుని మళ్ళీ "స్టార్ట్ కెమెరా" అనడం మొదలుపెట్టిన వారానికే నాన్న, "పనిమనిషి యూనిట్ ముందు నన్ను అంత మాటంటుందా" అని యాదమ్మని మాన్పించేశాడు. అమ్మ అడ్డు చెప్పలేదు. గిన్నెల సబ్బు చేతులతో గేటు దగ్గర నిలబడి ఆమె శేఖరం జుట్టు చెదరగొట్టి వెళ్ళిపోయింది. కాలేజీలో చేరాక ఒకసారి మోతీనగర్‌లో ఆమె కోసం తిరిగాను. ఆ గల్లీ ఖాళీ చేయించారట. ఎటు వెళ్ళారో ఎవరూ చెప్పలేదు. సంతాప సభలో మా నాన్న డ్రైవరు పేరు సైతం గుర్తుపెట్టుకుని చెప్పాడు. ఈ పేరు చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. అక్కడ అద్దాల ఆఫీసు ఉంది. షూటింగులకి కారవాన్లు వస్తాయి, ఒక్కొక్కరికి ఒక్కో బాత్రూం చక్రాల మీద నడిచివస్తుంది. నీళ్ళ ట్యాంకర్లు మాత్రం ఇప్పటికీ జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కలేక అలాగే మూలుగుతున్నాయి. ఆ పొడి ప్యాకెట్లు ప్రతి మందుల షాపులో వేలాడుతున్నాయి, నారింజ రుచితో సహా. పోయినేడు శేఖరం కూతురికి విరేచనాలైతే వాడు ఫోన్లో డాక్టరుని చూస్తూ, "రెండు మోషన్లకే పాలు నీళ్ళు ఆపేశాం డాక్టర్" అన్నాడు. నేను ఫోను లాక్కున్నాను. ఇంత చదివి, ఇంత సంపాదించి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు వాడు ఆ ఆపడం? తన ప్రాణం ఎలా నిలబడిందో వాడికి తెలియనివ్వలేదు మేం. కారు కథ చెప్పి పెంచాం. మంచి కథే అది. కాకపోతే పిల్లకి విరేచనాలైతే ఏం చెయ్యాలో అందులో లేదు.

సభ నుంచి తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ సభకి రాలేదు. చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది. "మీ నాన్న బాగా మాట్లాడారా?" అని అడిగింది. బాగానే మాట్లాడారు, నువ్వు చెప్పమ్మా అని కూర్చున్నాను.

"ఎన్నిసార్లు తవ్వుతావే అది? అప్పట్లో అందరూ ఆపేవాళ్ళే. మా అమ్మ ఆపింది, మా అత్తగారు ఆపింది. నాకేం తెలుసు?"

"మద్రాసులో నాకు వచ్చినప్పుడు?"

"నీకేం గుర్తు, మూడేళ్ళదానివి."

"నాకు గుర్తులేదు. పిన్నికి గుర్తుంది. బార్లీ నీళ్ళు గంట గంటకీ పట్టావట. రెండు రాత్రులు కూర్చున్నావట."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "మీ పిన్నికి అన్నీ గుర్తే" అంది. కాసేపటికి, "అక్కడ ఎవరో చెప్పి ఉంటారు, పట్టమని" అంది. ఇంకాసేపటికి, "ఆపానేమో కూడా, మొదట్లో" అంది. మూడు మాటలూ మూడు వైపులు. ఆవిడ అబద్ధం ఆడుతోందని అనలేను. ఏది నిజమో ఆవిడకే తెలియకుండా పోయిందేమో. ఇంతలో వీధిలో కారు ఆగింది, నాన్న వచ్చాడు. అమ్మ పళ్ళెం పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆయనకి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.

తెలియక చేసిందయితే అమ్మతో నాకు తగువే లేదు, ఆ గుడ్డ లాగిన నా చేతిని కూడా క్షమించుకోగలను. అందుకే ఇప్పటికీ అడుగుతున్నాను, ఆవిడ బతికుండగా ఒక్కసారి జవాబు కావాలి: ఆ రోజు మా ఇంట్లో షూటింగ్ లేకపోయి ఉంటే, అమ్మా, వాడికి నీళ్ళు ఆపేదానివా?